పెరట్లోకి వచ్చిన చెరువు

"పనేం లేకపోతే ఇలాంటివే తోస్తాయి" అన్నాడు సత్యదేవ్.

ఆయన ఆ మాట అనేసరికి నేను ఒక పొయ్యి మీద ఆయన కాఫీకి పాలు, ఇంకోదాని మీద అత్తయ్యగారికి రాగిజావ, మూడోదాని మీద నా బాక్సులోకి బెండకాయ వేపుడు పెట్టి, వంటింటి కిటికీలోంచి పెరటి వైపు చూస్తూ నిలబడి ఉన్నాను. నిలబడింది ఒక్క నిమిషం. ఆ నిమిషమే ఆయన కంట్లో పడింది. "బాతులొచ్చాయండీ, మన పెరట్లోకి. వాటికేమైనా వేద్దామా అని చూస్తున్నా" అన్నాను. దానికి ఆయన జవాబది. కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వెళ్లిపోయాడు.

పెంపుడు బాతులు కావు. సన్నటి పొడుగు మెడ, ముదురు గోధుమరంగు తల, మెడ పక్కనుంచి చెవిదాకా పాకిన తెల్లటి గీత, వెనక సూదిలా పొడుచుకొచ్చిన తోక. సూదితోక బాతులు. మా ఇంటి వెనక తుమ్మలకుంటలో ప్రతి నవంబరులోనూ దిగుతాయి. ఎక్కడో మంచు దేశాలనుంచి వస్తాయనీ, ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయనీ మా అమ్మాయి యోగిత చిన్నప్పుడు బళ్లో చదివి నాకు చెప్పింది. ఇప్పుడది విశాఖలో చదువుకుంటోంది. పందొమ్మిదేళ్లుగా ఆ బాతుల్ని డాబా మీద బట్టలారేస్తూ దూరంనుంచి చుక్కల్లా చూడ్డమే. జామచెట్టు మొదట్లో, నా బట్టల దండెం కింద, తలలు వంచి బురదలో వెతుక్కుంటూ పదకొండు పక్షులు కనబడేసరికి చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయాను.

ఏ.ఎస్. రావు నగర్ దాటి లోపలికి వస్తే మా కాలనీలో చిట్టచివరి ఇల్లు మాది. అక్టోబరు వానలకి వెనక గోడ పడిపోయింది. పెరడు పల్లంగా ఉండడంతో కుంట నీళ్లు జామచెట్టు దాకా వచ్చి నిలిచిపోయాయి. గోడ కట్టిద్దామంటే సత్యదేవ్ "ఇప్పుడే వద్దు, అటువైపు పనుంది" అన్నాడు. ఆయనది స్థలాల వ్యాపారం. ఏం పనో నేనడగలేదు. ఆ ఇంట్లో నేను చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి గానీ, ఆయన పనుల గురించి అడగడం వాటిలో లేదు.

ఈ బాతులు ఇటెందుకొచ్చాయని గిన్నెలు తోమడానికి వచ్చిన బానోని అడిగాను. ఆమె ఇల్లు కుంటకి అవతలి గట్టున.

"మీకెరకనే లేదా యామినమ్మా? నెల రోజుల సంది టిప్పర్లు తిరుగుతున్నయ్. కూలగొట్టిన ఇండ్ల మట్టి, రాళ్లు అన్ని తెచ్చి కుంటల పోస్తున్నరు. ధన్ ధన్ చప్పుడు, నిద్ర లేదు మాకు. ఆ పక్షులకు జాగ ఏడున్నది? గందుకే మీ పెరట్లకొచ్చినయ్."

"ఎవరు పోస్తున్నారు?"

బానో గిన్నె మీదనుంచి తలెత్తి నా మొహంలోకి చూసింది. తర్వాత మళ్లీ గిన్నెలోకి చూసింది. "నాకేం తెల్సమ్మా" అంది. ఆ చూపు నాకు ఆ రోజు అర్థం కాలేదు. అర్థం చేసుకోకపోవడానికి నేనే ఏమైనా ప్రయత్నం చేశానేమో కూడా ఇప్పుడు చెప్పలేను.

ఆఫీసుకి స్కూటీ మీద మెట్టుగూడ దాకా వెళ్లి, అక్కడ మెట్రో ఎక్కి బేగంపేటలో దిగుతాను. ఆ రోజు రైల్లో నిలబడి ఫోన్‌లో చదువుకున్నాను. అడవి బాతులకి బ్రెడ్డు వేయకూడదు. అన్నం కూడా మంచిది కాదు. నానబెట్టిన వడ్లు, సజ్జలు, కొర్రలు లోతులేని నీళ్లలో చల్లాలి. మురుగు నీళ్లలో ఉంచితే మెడలు వాలిపోయే జబ్బొస్తుంది. కుక్కలు రాకుండా చాటు కావాలి. దగ్గరికి పోకూడదు, పట్టుకోకూడదు, పేర్లు పెట్టుకుని ముద్దు చేయకూడదు. అవి వెళ్లిపోవాల్సినవి, వెళ్లగలిగేలా ఉంచాలి. ఆ చివరి వాక్యం దగ్గర నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

ఆఫీసులో పదహారేళ్లుగా నేను అడ్మిన్. మీటింగు రిపోర్టు రాసేది నేను, దానికింద సంతకం మా మేనేజర్ హేమచంద్ర గారిది. మీటింగుకి ముందు "యామిని గారూ, టీ సంగతి చూస్తారా?" అంటారు. ఆ గదిలో ఎనిమిదిమంది ఉంటారు, నలుగురు నాకంటే చిన్నవాళ్లు, అయినా చూడాల్సింది నేనే. ఎవరి పుట్టినరోజైనా కేక్ తెప్పించేది, ఎవరైనా మానేస్తే కార్డు రాయించేది నేను. "మీరు మాకు ఇంట్లో అమ్మలాంటివారండీ" అని మెచ్చుకుంటారు. ఎన్నోసార్లు విన్న ఆ మెప్పులో ఏదో ముల్లు ఉందని అనిపించేది, ఎక్కడుందో తెలిసేది కాదు.

ఆ నవంబరంతా నాకు ఇంకో పని కలిసింది. పొద్దున అయిదింటికి లేచి పావుగంట సేపు బోరు మోటారు వేసి పెరట్లోకి మంచినీళ్లు వదిలేదాన్ని. గోడ పడిన చోట కొబ్బరి మట్టలు నాటి చాటు కట్టాను. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరి చెప్పులు విప్పకముందే నానిన వడ్ల బేసిను పట్టుకుని వెళ్లి, నీళ్ల అంచున చల్లి, వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చునేదాన్ని. మొదటి వారం నన్ను చూస్తే నీళ్ల అవతలికి జరిగిపోయేవి. తర్వాత బేసిను చప్పుడుకి తలలెత్తడం మొదలుపెట్టాయి. ఒక ఆడబాతుకి ఎడమ రెక్క కిందికి వాలి ఉండేది. గాలిపటాల మాంజా కోసిందేమో. అది ఎగిరేది కాదు. మిగతావి దాన్ని వదిలి ఎక్కువసేపు వెళ్లేవి కావు.

అదీ పనే. కానీ ఆ పని గురించి ఎవరూ నన్ను తొందరపెట్టలేదు, ఉప్పెక్కువైందనలేదు, నిన్న బాగుందనలేదు. మెట్ల మీద ఆ ఇరవై నిమిషాలూ నేను ఎవరికీ ఏమీ కాను. ఇరవై ఏళ్ల కాపురంలో అలాంటి ఇరవై నిమిషాలు అంతకుముందు ఎప్పుడు దొరికాయో గుర్తు చేసుకోబోయి, చేసుకోలేక మానేశాను.

మా అత్తగారు సుబ్బులు గారికి మొదట్లో నచ్చలేదు. "ఇల్లంతా నీచుకంపు. తులసికోట దగ్గర రెట్టలు" అని గొణిగేవారు. మోకాళ్ల నొప్పులతో మధ్యాహ్నాలు ఎండకి పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆవిడకి అలవాటు. నెల తిరిగేసరికి నేను రాగానే రిపోర్టు ఇవ్వడం మొదలుపెట్టారు. "ఇవాళ ఆ రెక్క విరిగినది నీళ్లలో బాగానే తిరిగింది. ఆ పెద్ద మగది ఉంది చూశావూ, ఎవర్నీ తిననివ్వదు. అచ్చం మీ మావగారే." ఆ మాట అని, తనే ఉలిక్కిపడి, చుట్టూ చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ నవ్వగా నేను అంతకుముందు చాలా తక్కువసార్లు చూశాను.

డిసెంబరు మొదటివారంలో సత్యదేవ్ ఒక వడ్ల సంచీ తెచ్చాడు. కారు డిక్కీలోంచి స్వయంగా మోసుకొచ్చి మెట్ల దగ్గర పెట్టాడు. "నీ చుట్టాలకి" అన్నాడు నవ్వుతూ.

నేను సిగ్గులేకుండా సంతోషపడ్డాను. అడగకుండా ఆయన నాకోసం ఏదైనా మోసుకొచ్చిన సందర్భం అదొక్కటే. ఆ రాత్రి ఆయనకిష్టమని గుత్తివంకాయ చేశాను. యోగితకి ఫోన్ చేసి "మీ నాన్న మారిపోయారే" అని కూడా చెప్పాను.

తర్వాతి ఆదివారం ఆయన భాగస్తుడు నరసరాజు గారు వచ్చారు. భీమవరం మనిషి, మాట తీపి. "చెల్లెమ్మ గారూ, మీ బాతుల గురించి బావగారు తెగ చెప్తున్నారండి. ఒక్కసారి మేత వేస్తుంటే చూద్దామని వచ్చానండి, ఆయ్." ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టారు. "కొంచెం ఇటు తిరగండి. బేసిను కనబడాలి. ఆ, ఇప్పుడు చల్లండి. అవి వస్తున్నాయి చూడండి, మీ దగ్గరికే వస్తున్నాయి! రోజూ వేస్తారు కదండీ? అదే మాట ఒక్కసారి నోటితో చెప్పండి."

"రోజూ వేస్తానండీ. నేను వేస్తేనే తింటాయి" అన్నాను కెమెరాలోకి చూసి. తల సర్దుకున్నాను కూడా. వీడియో ఎందుకని అడిగితే "మా ఆవిడకి చూపిద్దామనండి" అన్నారు. సత్యదేవ్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, మంచి విద్యార్థిని చూసిన మేష్టారిలా తలూపుతున్నాడు.

ఆ మర్నాడు బానో రాలేదు. తర్వాతి రోజూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగో రోజు అన్నం తింటూ సత్యదేవ్ "బానోని మాన్పించేశాను" అన్నాడు.

"ఎందుకండీ? ఏం చేసింది?"

"ఏం చేయలేదు. ఇక్కడి మాటలు అక్కడ, అక్కడి మాటలు ఇక్కడ చెప్తోంది. ఇద్దరు మనుషుల గిన్నెలు, ఎంతసేపు? నువ్వు చేసుకోలేవూ?"

మేం ముగ్గురం. లెక్కలో ఎవరు పోయారో నేనడగలేదు. గిన్నెలు తోముతూ ఆలోచించాను. ఆయన గొంతులో కోపం లేదు. ఆయనెప్పుడూ గొంతు పెంచడు. పెళ్లయిన కొత్తలో అందరూ అదే చెప్పేవారు, ఎంత నెమ్మదస్తుడో, అదృష్టవంతురాలివని. అరిచే మనిషితో అయితే ఎప్పుడు భయపడాలో తెలుస్తుంది. నేను ఎప్పుడు భయపడాలో తెలియక ఎప్పుడూ కొంచెం కొంచెంగా భయపడుతూ వచ్చాను. దానికి సర్దుకుపోవడమని పేరు పెట్టుకున్నాను.

జనవరి వచ్చేసరికి పెరట్లో బాతులు ముప్పై నాలుగయ్యాయి. రోజూ లెక్కపెట్టుకుని మురిసిపోయేదాన్ని. కొబ్బరి మట్టల చాటుకి పెరట్లోంచి కుంట కనబడేది కాదు; చాలా రోజులకి ఒక ఉదయం డాబా మీదికి బట్టలతో వెళ్లి కుంట వైపు చూసినప్పుడు గాని నాకు సంగతి తట్టలేదు. కుంట లేదు. గట్టునుంచి గట్టుదాకా విరిగిన ఇటుకలు, సిమెంటు పెళ్లలు, చువ్వలు. వాటి మధ్య ఒక చాపంత నల్లనీళ్లు. ఎర్రరంగు పూసిన హద్దురాళ్లు వరసగా మా పెరటి అంచుదాకా వచ్చి ఆగాయి. పెరట్లో ఎక్కువవుతున్న ప్రతి బాతూ అక్కడ తగ్గిపోయిన నీళ్లు. అంత పెద్ద జాగాలో ఒక్క కప్ప కూడా అరవడం లేదు. బట్టల బకెట్టు అక్కడే పెట్టి కిందికి వచ్చి "కుంట పూడ్చేశారండీ" అన్నాను.

సత్యదేవ్ షూ లేసులు కట్టుకుంటున్నాడు. "కుంటేంటి? పట్టా భూమి. వాన నీళ్లు నిలిచాయంతే" అన్నాడు. రెండో షూ లేసు కూడా కట్టుకుని, లేచి, నా భుజం మీద తట్టి వెళ్లాడు.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక సోమవారం ఇంకో సంచీ వచ్చింది. ఈసారి ఆయన ఏమీ అనలేదు, షెడ్డులో పెట్టించాడు. మర్నాడు పొద్దున నానబెడదామని సంచీ విప్పాను. గింజలు గులాబిరంగులో ఉన్నాయి. గుప్పెట్లోకి తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ వాసన నాకు తెలుసు. పాలకొల్లు దగ్గర మా నాన్నది వరిసాగు. విత్తనాలకి మందు పట్టించిన రోజు మమ్మల్ని కళ్లంలోకి రానిచ్చేవాడు కాదు, కోళ్లని గంపల కింద మూసేసేవాడు.

సంచీ మూతి గట్టిగా కట్టి, షెడ్డులో మూలకి నెట్టి, సత్యదేవ్ దగ్గరికి వెళ్లాను. "ఏవండీ, అవి విత్తనాల వడ్లు. మందు పట్టించినవి. తింటే చచ్చిపోతాయి. షాపతను చూడకుండా ఇచ్చినట్టున్నాడు."

ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి నన్ను చూశాడు. "అలాగా? చూడలేదు. సర్లే, వెనక్కిచ్చేద్దాం. నువ్వు ఆఫీసుకి బయల్దేరు, లేటవుతుంది."

ఆ సాయంత్రం గేటు తీస్తుంటేనే చప్పుడు వినబడింది. నీళ్లమీద తడిబట్ట బాదుతున్నట్టు. ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి పరుగెత్తాను. వెలుతురింకా పోలేదు. బాతులు నీళ్లలో పక్కలకి ఒరిగి రెక్కలు కొట్టుకుంటున్నాయి. కొన్ని ఒడ్డు మీద మెడలు సాచి పడుకున్నాయి, ముక్కులు తెరుచుకుని, మూసుకుని. కొన్ని అప్పటికే కదలడం లేదు. ఆ పెద్ద మగబాతు లేవబోయి, తన మెడని తనే మోయలేక, నా కాళ్ల దగ్గర ముందుకు పడింది. నీటి అంచున గులాబిరంగు గింజలు.

అత్తయ్యగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్లో నా బేసిను.

"మధ్యాహ్నం ఫోన్ చేశాడు" అన్నారు. "యామినికి ఇవాళ రావడం లేటవుతుందట, షెడ్డులో సంచీ ఉంది, నువ్వెయ్యమ్మా అన్నాడు. రంగు చూసి అడిగాను కూడా. బలానికి మందు కలిపారమ్మా అన్నాడు. బేసిను చప్పుడు చేశాను. నువ్వు చేసినట్టే. అన్నీ వచ్చాయే అమ్మాయ్. అన్నీ నా దగ్గరికి వచ్చాయి."

నాకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. పొద్దున అద్దంలో నన్ను చూసిన కళ్లు మాత్రం కనబడ్డాయి. నేను చెప్పకపోతే ఆయనకి తెలిసేది కాదేమో అనుకోవడానికి కూడా దారి లేదు. ముందే తెలుసు కాబట్టే తెచ్చాడు. నా చేత వేయించాలనుకున్నాడు. నేను కనిపెట్టేశాను కాబట్టి, ఇంట్లో ఉన్న ఇంకో ఆడదాని చేత వేయించాడు. ఈ ఇంట్లో మా ఇద్దరి చేతులూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి పెడుతూనే ఉన్నాయి. తినేవాళ్లెవరూ ఎప్పుడూ అనుమానపడలేదు. బాతులూ అలాగే వచ్చాయి.

బతికున్నవాటిని అటు రాకుండా తరిమి, గింజలన్నీ చీపురుతో ఎత్తాను. రెక్క విరిగిన ఆడబాతు కొబ్బరి మట్టల చాటున నక్కి ఉంది. ఎగరలేనిది కాబట్టి మిగతావాటి తోపులాటలో మేత దాకా రాలేకపోయింది. దాన్ని పాత చీరలో చుట్టి తెచ్చి అత్తయ్యగారి బాత్రూంలో పెట్టాను. ఆవిడ అప్పటికే అక్కడ కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నారు. సబ్బు పెట్టి కడిగి, వాసన చూసుకుని, మళ్లీ సబ్బు పెట్టి కడుగుతున్నారు. ఇరవై ఒక్క బాతులు చచ్చిపోయాయి. మిగతావి చీకటి పడకముందే లేచి ఎటో వెళ్లిపోయాయి.

సత్యదేవ్ ఎనిమిదింటికి వచ్చాడు. పెరటి వైపు వెళ్లలేదు. కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. నేను వడ్డించాను. వడ్డించకుండా ఉండొచ్చని ఆ క్షణాన నాకు తోచనే లేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడేది ఆ బాతుల చావుకి కాదు, ఆ వడ్డనకి.

"పప్పులో ఉప్పు తగ్గింది" అన్నాడు. నేను ఉప్పు గిన్నె ముందుకి జరిపాను. కలుపుకుంటూ చెప్పాడు. "రేపు పొద్దున నరసరాజు మనుషులు వచ్చి పెరడు శుభ్రం చేస్తారు. గురువారం ఆఫీసర్లు వస్తున్నారు. ఎవరో పనిలేనివాళ్లు ఇక్కడ చెరువుంది, పక్షులొస్తాయి అని ఫోటోలతో కంప్లైంట్ పెట్టారు. నువ్వు సెలవు పెట్టు. నిన్ను అడిగితే చెప్పాల్సింది ఒకటే. ఆ బాతులు నువ్వు మేపుతున్నవి. గింజలకి అలవాటుపడి వచ్చేవి. ఇప్పుడు రావడం లేదు. అంతే."

"అవి చెరువుకి వచ్చాయి కదండీ."

"ఏ చెరువు?" అన్నాడు. చాలా మెల్లగా, పిల్లల్ని అడిగినట్టు. "వీడియోలో నువ్వే చెప్పావు కదా, రోజూ నేను వేస్తేనే తింటాయని. అది ఎప్పుడో వాళ్ల ఆఫీసుకి ఇచ్చాం. ఇప్పుడు మాట మారిస్తే నువ్వే అబద్ధాలకోరువి అవుతావు." మజ్జిగ అడిగాడు. తాగి లేచాడు.

మూడు నెలలు నేను అయిదింటికి లేచి చేసిన పనిని ఆయన చూస్తూనే ఉన్నాడన్నమాట. ఇరవై ఏళ్లలో నేను చేసిన ఏ పనినీ ఆయన పని అనలేదు. ఈ ఒక్కదాన్ని మాత్రం గుర్తించాడు, గుర్తించి, సాక్ష్యంగా పెట్టాడు. చెరువు లేదనడానికి నా చేతిలోని బేసిను సాక్ష్యం.

గురువారం పదకొండింటికి జీపు వచ్చింది. ఆఫీసరు పేరు రాఘవేందర్, నెరిసిన జుట్టు, చంకలో లావు ఫైలు. వెంట కొలతలు తీసే మనుషులు ఇద్దరు. నరసరాజు గారు గేటు దగ్గరే ఎదురువెళ్లి దండం పెట్టారు. అందరూ పెరట్లోకి నడిచారు. కడిగేసిన పెరడు ఆసుపత్రి నేలలా ఉంది. నీళ్లు పంపుతో తోడించేశారు, పైన ఎర్రమట్టి పరిచారు. రెక్క విరిగిన బాతు మాత్రం ఇంకా అత్తయ్యగారి బాత్రూంలోనే ఉంది. కుర్చీలు వేశారు. నేను అయిదు కప్పుల టీ ట్రేలో పెట్టుకుని తీసుకెళ్లాను.

"మా ఆవిడండీ" అన్నాడు సత్యదేవ్. "బాతుల పిచ్చి. వీడియోలో చూశారుగా. అదేదో మేత వేసి అలవాటు చేసింది, అందరూ చెరువనుకున్నారు." నరసరాజు గారు నవ్వారు. కొలతల మనుషులు కూడా నవ్వారు.

రాఘవేందర్ టీ తీసుకుని "మీ పేరేంది మేడం?" అన్నాడు.

"యామిని."

ఆయన ఫైలు తిప్పాడు. కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చూశాడు. "గిదేందీ! ఈడ కట్టనీకి పర్మిషన్ దరఖాస్తు పెట్టింది మీరే గదా. ఫర్మ్ మీది, స్థలం మీ పేరు మీదున్నది. మావోళ్లు అడిగితే గీ సారు వచ్చి మాట్లాడుతుండె. ఓనరేమో చాయ్ పట్టుకొని నిలబడ్డది. కూర్చోండ్రి మేడం."

నా చేతిలో ట్రే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

సంతకాలు గుర్తొచ్చాయి. పెనం మీద దోసె ఉండగా, ఫ్రిజ్ మీద కాగితాలు పరిచి, ఇంటూ మార్కు పెట్టిన చోట వేలు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇంకోటి ఇక్కడ" అనేవాడు. "ఏంటండీ ఇవి?" అంటే "టాక్సు గొడవలు, నీకర్థం కావు, దోసె మాడుతోంది చూడు" అనేవాడు. నేను దోసె వైపు చూసేదాన్ని. ఆఫీసులో నేను రాసినవాటి కింద హేమచంద్ర గారి సంతకం. ఇంట్లో నేను చదవనివాటి కింద నా సంతకం. టిప్పర్లు నా పేరు మీద తిరిగాయి. ఇటుకలు, చువ్వలు నా పేరు మీద కుంటలో పడ్డాయి. ఎవరు పోస్తున్నారని బానోని అడిగితే ఆమె నా మొహంలోకి ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది. ఊళ్లో అందరికీ తెలుసు, కుంట పూడుస్తున్నది యామిని అని.

ట్రే నేలమీద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. "ఒకసారి చూపిస్తారా?" అన్నాను.

"అవన్నీ ఫార్మాలిటీస్ సార్" అన్నాడు సత్యదేవ్. "యామినీ, లోపల పాలు పొంగుతున్నాయేమో చూడు."

"పొయ్యి నేను కట్టేశాను." అత్తయ్యగారు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. బాతులు చచ్చిపోయిన రోజునుంచి ఆవిడ పెరట్లోకి కాలు పెట్టలేదు. "నువ్వు కూర్చో అమ్మాయ్."

"అమ్మా, నువ్వు లోపలికెళ్లు."

"వెళ్లను సత్యం" అన్నారావిడ. గుమ్మం వదలలేదు.

రాఘవేందర్ ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి నా వైపు చూసి ఫైలు నా చేతికిచ్చాడు. "చదవండ్రి మేడం. మీ కాగితాలే."

చదివాను. సదరు స్థలంలో ఏనాడూ నీరు నిలిచి ఉండలేదని, వలస పక్షులు వచ్చిన దాఖలా లేదని, కనిపించిన బాతులు దరఖాస్తుదారు సొంతంగా పెంచుకున్నవని, నిర్మాణానికి అభ్యంతరం లేదన్న పత్రం ఇప్పించమని. ప్రతి పేజీ కింద నా సంతకం, నా చేతిరాత, దోసెల పిండి ఆరని వేళ్లతో పెట్టినది. అందరూ ఎదురుచూస్తున్నారు. నరసరాజు గారి మొహంలో నవ్వు అలాగే నిలిచిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

"దీన్ని వెనక్కి తీసుకోవచ్చా?" అన్నాను.

"మీరు పెట్టిన దరఖాస్తు, మీరు తీసుకుంటే ఎవలాపుతరు? కానీ జెర సోచాయించుకోండ్రి మేడం. తీసుకుంటే కుంటల పోసిన మట్టి ఎవరిదని మేం అడగాల్సొస్తది. ముందుగాల మిమ్మల్నే అడుగుతం. మీకే తక్లీఫ్."

"అడగండి. చెప్తాను. ఇరవై ఒక్క బాతులు ఎలా చచ్చిపోయాయో కూడా చెప్తాను."

సత్యదేవ్ లేచి నా కుర్చీ వెనక్కి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి, నా చెవికి మాత్రమే వినబడేలా వంగి, ఎప్పటిలాగే నెమ్మదిగా అన్నాడు. "ఆలోచించుకో యామినీ. వీళ్లందరూ ఇంకో అరగంటలో వెళ్లిపోతారు. తర్వాత ఈ ఇంట్లో మనమే ఉంటాం."

ఆ చెయ్యి బరువుగా లేదు. ఎప్పుడూ ఉండదు. దాని కింద నా భుజం వణకడం ఆయనకి తెలుస్తూనే ఉండి ఉంటుంది. నాకూ తెలుస్తోంది. వణుకు ఆగేదాకా ఆగితే ఇక ఏమీ చేయలేనని కూడా తెలుస్తోంది. రాఘవేందర్ దగ్గర తెల్లకాగితం, పెన్ను అడిగి తీసుకున్నాను. ఫైలు ఒళ్లో పెట్టుకుని, దాని మీద కాగితం పరిచి, తేదీ వేసి రాశాను:

"ఈ దరఖాస్తు మీద ఉన్న సంతకం నాదే. దీన్ని పెట్టింది నేను కాదు. వెనక్కి తీసుకుంటున్నది నేను."